స్లావా నాటి మొదటి అతిథి

"అసూయ జబ్బు కాదు, అది చెప్పినట్టల్లా ఆడటమే జబ్బు" అని పంతొమ్మిదేళ్ళుగా నీష్ ఊళ్ళో నా దగ్గరకొచ్చేవాళ్ళకి చెబుతున్నాను. నా పేరు దెసాంకా, మనస్తత్వవేత్తని. ఆ మాట చెప్పిన నోటిని చెప్పుచ్చుకు కొట్టాలి.

వుకాషిన్ పొయ్యిలు బాగుచేసే మనిషి. భార్య స్నేజానా మీద అనుమానంతో సెప్టెంబరు నుంచి వారం వారం మా ఇంటి కింది వాటాలోని నా గదికి వచ్చేవాడు. ఒకరోజు అన్నాడు:

"నవ్వకండి డాక్టరమ్మా. ఈమధ్య అది రొట్టె తినేముందు పచ్చిమిరపకాయ విరిచి రొట్టెకి రుద్దుతోంది. పదమూడేళ్ళ కాపురంలో ఎన్నడూ చూళ్ళేదు. ఎవడు నేర్పాడే అంటే ముసిముసిగా నవ్వుద్ది."

నేను నవ్వలేదు. అలా తినే మనిషి నేనెరిగి ఒక్కడే, నా భర్త బోరివోయ్. పెళ్ళైన కొత్తలో నాకూ ఒక ముక్క చేసిచ్చాడు. "ఛీ, మోటు తిండి" అని తోసేశాను. ఆవిడగారు తోసెయ్యలేదన్నమాట!

రెండు గురువారాలు మా ఆయన్ని వెంబడించాను. ఏటి ఒడ్డున బెంచీ మీద ఆయనా స్నేజానా ఒకే రొట్టె తుంచుకు తింటున్నారు. ముద్దు పెట్టుకున్నా నాకంత మండేది కాదు. నా ఎదురుగా కూర్చుని పేపరులోంచి తలెత్తని మనిషి, ఆమె గడ్డానికంటిన రొట్టె పొడి తుడుస్తున్నాడు. ఇంటికొచ్చాక ఏమీ అడగలేదు. అడిగితే వెళ్ళిపోతాడేమోనని నా భయం.

నవంబరు చివర వుకాషిన్ రెండు చేతులూ నా బల్ల మీద పెట్టాడు. "నా చేతుల మీద నాకే నమ్మకం పోయిందమ్మా. కొన్నాళ్ళు దూరంగా, సుబోతిత్సలో మా అన్న దగ్గరికి పోనా?"

"ఈ పూటే పొండి" అనాలి. నిన్న డిగ్రీ పట్టా తీసుకున్న పిల్లకైనా తెలుసు. నేనేమన్నాను? "ఇల్లు వదలాల్సింది మీరా? తప్పు చేసిందెవరు?" అన్నాను. అతను బల్ల మీంచి చేతులు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట ఫైల్లో రాయలేదు.

డిసెంబరు పంతొమ్మిదిన మా ఇంటి స్లావా, మా ఇంటిని కాచే సెయింట్ నికోలా పండుగ. ఆ రోజు ఎవరినీ పిలవం, వచ్చినవారిని పొమ్మనం. పొద్దున పదకొండింటికే తలుపు తట్టారు. ఉతికిన చొక్కా, చేతిలో వైన్ సీసా, వుకాషిన్.

"రండి రండి! మొదటి అతిథి మీరే!" అంటూ మా ఆయన తీపి గోధుమల పళ్ళెం అందించాడు. వుకాషిన్ శిలువ గుర్తు వేసుకుని, ఒక చెంచా తిని, నా వైపు తిరిగాడు.

"ముందు మీకు చెప్పి, పోలీసుల కాడికి పోదామని వచ్చానమ్మా. మీరన్నట్టే ఇల్లు వదల్లేదు. స్నేజానాయే పోయింది. ఇందాకే, ఈ చేతుల్తోనే. వాడెవడో మాత్రం చచ్చినా చెప్పలేదు."

పళ్ళెం కింద పడింది. "స్నేజా! నా స్నేజా!" అంటూ బోరివోయ్ కూలబడి ఏడ్చేశాడు. మా బిడ్డ పురిట్లో పోయిననాడు కూడా ఆ కంట నీటిచుక్క చూడలేదు నేను.

వుకాషిన్ అతన్ని చూశాడు, నన్ను చూశాడు. నమ్మలేనట్టు మెల్లగా అడిగాడు. "డాక్టరమ్మా, వీడేనా?"

కాదనడానికి నోరు తెరిచాను. నేనేం చెప్పినా నమ్మే మనిషి. ఇంతలో బోరివోయ్ మళ్ళీ ఆ పేరే పిలిచాడు, ఇన్నేళ్ళలో నన్ను ఒక్కసారైనా పిలవనంత ముద్దుగా.

"వీడే" అన్నాను.