ఆకుపచ్చ ఊయల

పుట్టబోయే బిడ్డ గదిలోకి వెళ్ళాలంటే చెప్పులు విడిస్తే చాలదు, పాత అలవాట్లన్నీ గుమ్మం బయటే వదిలి రావాలి. అది కోడలి శాసనం. గోడలకు వాసన రాని నీళ్ళ రంగు, నేల మీద ఉత్త నూలు చాప, బొమ్మలన్నీ గుడ్డతో కుట్టినవే. ప్లాస్టిక్ అన్న మాట వినబడితే ఒంటికాలి మీద లేచేది. పుట్టేది బిడ్డా, గాజు బొమ్మా అని అత్తగారు పెద్దకొడుకు దగ్గర గొణిగేది. వాడు అర్థమైనా కాకపోయినా నవ్వేవాడు.

పెద్దోడికి నలభై దాటాయి. తమ్ముడికి ఉద్యోగం ఉంది, పెళ్ళయింది. వీడికి చొక్కా గుండీలు ఇప్పటికీ అమ్మే పెట్టాలి. చిన్నప్పుడు ఎక్కాలు రాలేదని ఆవిడ వాడి వీపు చిట్లగొట్టింది. బద్ధకం అనుకుంది, మొండితనం అనుకుంది. ఎందుకిలా అయ్యాడని ఎవరైనా అడిగితే "నా రాత" అనేది. ఆ ఒక్క మాటతో ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చింది.

ఆ గదిలో తనదంటూ ఒక్క వస్తువు ఉండాలని ఆవిడ పట్టుబట్టింది. అటక మీద ఉన్న ఊయల, పోయిన భర్త స్వయంగా చేసిన కర్ర ఊయల. ఆయన బస్సులకు రంగులేసే షెడ్డులో పనిచేసేవాడు, డబ్బాల అడుగున మిగిలిన ఆకుపచ్చ రంగు ఇంటికి తెచ్చేవాడు. ఊయలకు కూడా చోటు లేదంటే ఈ ఇంట్లో తను వంటమనిషితో సమానమని ఆవిడకు అనిపించింది. ఆ మాట పైకి అనలేదు, మొహం ముడుచుకుని తిండి మానేసింది. చిన్నకొడుకు ఇద్దరి మధ్యా నలిగి, చివరికి ఊయల కిందకి దించాడు.

కోడలు కాదనలేదు. కాకపోతే ముందు రంగు పరీక్ష చేస్తానంది. ఆవిడకు అదే పదివేలు. దుమ్ము తుడిచి, పై కమ్మీ పొడవునా ఉన్న పంటిగాట్లు మురిపెంగా చూపించింది. పెద్దోడు పళ్ళొచ్చినప్పుడు కొరికినవట. చిన్నోడి నాటికి మంచం కొన్నారు కాబట్టి వాడు ఇది ఎక్కనే లేదట.

"వాడి మూతి నిండా ఆకుపచ్చే అనుకో. రంగు పోయిన చోటల్లా నేను మళ్ళీ వేసేదాన్ని. చూసేవాళ్ళకి అసహ్యంగా ఉండకూడదు కదా," అంది.

కోడలు చాకుతో కొంచెం గీకి, షాపులో కొన్న పరీక్ష పుల్లని తడిపి అక్కడ రుద్దింది. పుల్ల చివరి దూది ఎర్రబడింది. ఇంకోచోట రుద్దింది. అక్కడా అంతే.

"సీసం అత్తయ్యా. పాత రంగుల్లో కలిపేవాళ్ళు. నాలిక్కి తియ్యగా ఉంటుందట, పిల్లలు అందుకే కొరుకుతారు. కడుపులోకి వెళ్తే మెదడు ఎదగ..."

గుమ్మంలో పెద్దోడు నిలబడి ఉన్నాడు. కోడలు మిగతా మాట మింగేసింది. తర్వాత ఏదేదో సర్దిచెప్పింది. అందరికీ అలా కావాలని లేదంది, ఇన్నేళ్ళ తర్వాత ఎవరు చెప్పగలరంది, తెలిసి చేశారా ఏమన్నా అంది. ఆవిడ చెవికి ఒక్క ముక్కా ఎక్కలేదు. ఒళ్ళో పెట్టుకున్న తన కుడిచేతినే చూసుకుంటూ కూర్చుంది. కుంచె పట్టింది ఈ చెయ్యే. బిడ్డ తినేసిన కొద్దీ మళ్ళీ వడ్డించింది ఈ చెయ్యే. ఎక్కాలు రాలేదని వాణ్ణి బాదింది కూడా ఇదే. రాత అని దేవుడి మీద తోసేసిన పని తన చేత్తో తనే చేసుకుందని తెలిశాక, ఆ చేతిని ఎక్కడ దాచుకోవాలో ఆవిడకు తెలియలేదు.

సాయంత్రం చిన్నకొడుకు ఊయలని గోనెపట్టాలో చుట్టి, చెత్త బండి కోసం గేటు పక్కన పెట్టాడు. ఆవిడ మెట్టు మీద కూర్చుని చూస్తోంది. పెద్దోడు వెళ్ళి పట్టా తొలగించాడు. కోడలు గీకిన చోట కర్ర తెల్లగా బయటపడి ఉంది. దాని మీద వేలు పెట్టి, తల్లి వైపు తిరిగి నవ్వాడు.

"ఇక్కడ పోయిందమ్మా. మళ్ళీ రంగు వెయ్యవా?"