మామా బీరువాలో రాతిపువ్వు

మిష్రిఫ్‌లోని ఆ అరబ్బుల విల్లాలో వెంకటేశ్వరి తొమ్మిదేళ్లుగా వంటమనిషి. ఆమె వండే మచ్బూస్ అన్నానికి అంత పేరు రావడం రాయచోటి నుంచి తెచ్చుకునే రాతిపువ్వు వల్లేనని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒకసారి, పనివాళ్లంతా 'మామా' అని పిలిచే యజమానురాలు ఆ రాతిపువ్వు డబ్బా మూత తీసి, బూడిదరంగు రేకుల్ని చూసి, "వసఖ్! రాళ్లమీది మురికి మా కడుపులో వేస్తున్నావా?" అని పారబోయించింది. వెంకటేశ్వరి మళ్లీ తెప్పించుకుని పిండిడబ్బాల వెనక దాచుకుంది.

ఈ ఏడాది మామాకు యాభై నిండాయి. సాల్మియా నుంచి లులువా అనే ఆరోగ్య సలహాదారు రావడం మొదలైంది. నవ్వినా కదలని ముఖం ఆమెది. బంగారు మూత సీసా బల్లమీద పెట్టి, "ఇది లైకెన్. శిలలమీద పెరుగుతుంది. నిండా యాంటీఆక్సిడెంట్లే. వయసును ఆపేస్తుంది," అంది. ప్రయోగశాలలో రుజువైందట. రుజువైంది గాజుగొట్టంలో. గాజుగొట్టాలకు ముడతలు పడవన్న సంగతి అక్కడెవరికీ తట్టలేదు.

టీ తెచ్చిన వెంకటేశ్వరికి సీసాలోని వాసన తగిలింది. ఆగలేక తన డబ్బా తెచ్చి ముందు పెట్టింది. "మామా, ఇదే అది."

కాదంటే తన సీసాకే ముప్పని లులువాకు తెలుసు. "అబ్బ, అసలు సరుకు! చాలా అరుదు," అంది.

మామా డబ్బా అందుకుంది. మరి కింద పెట్టలేదు. పడగ్గదిలో క్రీముల బీరువాలో పెట్టి తాళం వేసింది.

"మామా, వంటలోకి..."

"మందును కూరలో వేసి పాడుచేస్తావా?"

జహ్రాలో పనిచేసే తన ఊరి గంగాదేవికి ఫోన్ చేసి వెంకటేశ్వరి వాపోయింది. "నా డబ్బా గుంజుకునింది గంగా. పొద్దున్నే నీళ్లలో కలుపుకుని తాగతాంది. మొగం సూస్తే ఆముదం తాగినట్టుండాది."

"నువ్వు యాల సూపిచ్చినావక్కా?"

"నాకూ తెలుసని సెప్పాలనిపిచ్చింది."

శుక్రవారం భోజనానికి చుట్టాలొచ్చారు. మచ్బూస్ చప్పగా ఉంది. "ఈమె చేతికేమైంది?" అన్నాడు ఇంటాయన.

"వయసు మీద పడుతోంది. ఒంటిని పట్టించుకోదు," అంది మామా జాలిగా.

వెంకటేశ్వరికి ఒళ్లు మండిపోయింది. పళ్లేలు తీస్తూ మెల్లగా అంది: "డబ్బా అడుగంటింది మామా. నేనే పోయి ఏరి తేవాలి. మంచిదేదో ఇంకెవరికీ తెలీదు."

రెండేళ్లుగా సెలవడిగితే 'బుక్రా, బుక్రా' అని రేపటికి నెట్టేస్తున్న మామా, ఆ సాయంత్రమే నలభై రోజులకు టికెట్ తీయించింది. రాయచోటిలో ఏ కొట్లో అడిగినా రాతిపువ్వు పొట్లం కట్టిస్తారన్న మాట మాత్రం వెంకటేశ్వరి నోట రాలేదు.