మార్టిన్ పండుగ దాకా

నాలుగో నంబరు గదిలో దుప్పట్లు లాగేస్తూ ఉండగా తెక్లాకి నడుము పట్టేసింది. మంచం అంచు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఆ పోటు తగ్గేదాకా అలాగే వంగి నిలబడింది. ఇరవయ్యారేళ్ళుగా ఈ ఇంట్లో పక్కలు తీసి పక్కలు వేస్తున్న మనిషి. దుప్పటి చూస్తే చాలు, దాని మీద పడుకున్నవాళ్ళ జాతకం చెప్పేస్తుంది. ఎవరికి నిద్ర పట్టలేదో, ఏ మొగుడూ పెళ్ళాలు చెరో అంచుకీ జరిగి పడుకున్నారో, ఎవరు పక్క మీదే రొట్టె తిన్నారో అన్నీ తెలిసిపోతాయి. ఆవిడ పక్క సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. సెప్టెంబరు నుంచి నవంబరులో మార్టిన్ పండుగ దాకా ఆవిడకి పక్కంటూ ఉండదు.

ప్లాట్నర్ ఇల్లంటే లోయలో అందరికీ తెలుసు. గేటు దగ్గర రెండు సూర్యుళ్ళ బోర్డు ఉంటుంది. పక్కలు శుభ్రం, పొద్దున్న ఫలహారం, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దని దాని అర్థం. అద్దెకిచ్చేవి ఆరు గదులు. కింద కొండవాలంతా ద్రాక్షతోట, పైన చెస్ట్‌నట్ చెట్లు. కోతలు మొదలై, పీపాల్లో కొత్త వైన్ పులవడం మొదలయ్యేసరికి జనం బస్సుల మీద దిగుతారు. ఇల్లిల్లూ తిరిగి కొత్త వైన్ తాగి, కాల్చిన చెస్ట్‌నట్లు వెన్నతో తిని, రాత్రికి చవకలో ఎక్కడో ఒకచోట ఒరిగిపోవాలని వాళ్ళ కోరిక. అప్పుడు ఆరు గదులు చాలవు, ఏడోది కావాలి. ఆ ఏడోది తెక్లా, ఓస్వాల్డ్ పడుకునే గదే. ఏటా సెప్టెంబరు మొదటి వారంలో ఆ తలుపుకున్న మేకుకి ఇత్తడి ఏడంకె వేలాడదీస్తారు. తెక్లా తన బట్టలు రెండు ఆపిల్ పెట్టెల్లో సర్దుకుని, కింద ఇస్త్రీ గదిలో మడత మంచం మీదికి దిగిపోతుంది.

"ఎంతలే, మార్టిన్ పండుగ దాకానేగా. ఆ తర్వాత గది మనదే," అంటాడు ఓస్వాల్డ్. ఇరవయ్యారేళ్ళుగా అదే మాట. అతనికి మాత్రం పీపాల గది పక్కన స్ప్రింగు మంచం, పొయ్యి, రేడియో ఉన్నాయి. వైన్ పులుస్తున్నప్పుడు దగ్గర మనిషుండాలట. దుప్పట్లు ఉతుకుతున్నప్పుడు కూడా దగ్గర మనిషుండాలి కాబట్టి తెక్లా ఇస్త్రీ గదిలో ఉంటే తప్పేమిటని ఒకసారి అడిగాడు కూడా. ఆ ప్రశ్నకి తెక్లా దగ్గర జవాబు లేక కాదు, చేతిలో పన్నెండు దిండు గలీబులుండటం వల్ల ఊరుకుంది.

అత్తగారు ఫిలొమేనాది ఇంకో పాట. "మంచాలమ్ముకు బతికే కొంపలో మంచం మీద మోజు పెట్టుకోకూడదమ్మాయ్. నేను ముప్పై ఏళ్ళు ఆ ఇస్త్రీ గదిలోనే పడుకున్నా. చచ్చిపోయానా?" ఎనభై ఒక్కేళ్ళ మనిషి. చావలేదన్నది నిజమే. ఆ నిజం విని తెక్లా ఏటా మడత మంచం పరుచుకునేది.

ఈ ఆగస్టులో డాక్టరమ్మ నడుము ఎక్స్‌రే ఫొటోలు దీపానికి అడ్డం పెట్టి చూసి, మడత మంచం మీద ఇంకొక్క సీజను పడుకున్నావంటే వచ్చే సీజనుకి లేవవు అని తేల్చి చెప్పింది. రాత్రి భోజనాల దగ్గర తెక్లా ఆ మాట చెప్పింది. ఓస్వాల్డ్ సూపులో రొట్టె ముంచుకుంటూ విన్నాడు.

"డాక్టరుకేం, ఎన్నయినా చెబుతుంది. గదులు అద్దెకిచ్చేది ఆవిడా? నవంబర్లో పడుకో, కావలసినంత."

కోపం కూడా రాలేదు తెక్లాకి. ఇన్నాళ్ళూ తనకో నడుముందని ఇతనికి గుర్తులేదనుకుంటోంది. గుర్తుంది. గుర్తుండే మాట్లాడుతున్నాడు. అది తెలిసిన రాత్రి ఆమెకి నిద్ర బాగానే పట్టింది, తనకే ఆశ్చర్యం వేసేంత బాగా.

నాలుగో నంబరులో ఉండేది ఉల్రికె. న్యూరెంబర్గ్‌లో ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. ఏటా అక్టోబర్లో ఒంటరిగా వస్తుంది, ఈసారి నెల ముందే వచ్చింది. పగలంతా కొండలెక్కి, సాయంత్రం గదిలోకి వెళ్ళి గడియ వేసుకుంటుంది. టక్కుమని ఆ గడియ పడిన చప్పుడు వరండాలో తుడుస్తున్న తెక్లాకి వినిపించేది. ఈ ఇంట్లో అన్ని తలుపులకీ నూనె పెట్టింది తనే, ఒక్క తలుపుకీ లోపలినుంచి గడియ పెట్టుకుని ఎరగదు. మొన్న ఉండబట్టలేక అడిగేసింది.

"ఒక్కదానివే అంతసేపు గదిలో ఏం చేస్తావు?"

"ఏమీ చెయ్యను. అందుకేగా ఇంతదూరం వచ్చేది," అంది ఉల్రికె.

ఆ సోమవారం, నడుము పోటు తగ్గాక, తెక్లా దుప్పట్ల మూట వరండాలో పడేసి, గుమ్మం దగ్గర బల్ల మీదున్న లావుపాటి గదుల పుస్తకం తెరిచింది. ఆ పుస్తకంలో రాసేది ఎప్పుడూ తెక్లానే. చదివి ఫోనులో మాట్లాడేది ఓస్వాల్డ్. ఇంటిపేరొక్కటే రాయడం ఆ ఇంటి అలవాటు. ఏడో నంబరు వరస ఇంకా ఖాళీగా ఉంది. పెన్సిల్ పక్కన పెట్టి, పెన్ను తీసి రాసింది: రైనర్. ఒక్కరు. శుక్రవారం నుంచి మార్టిన్ పండుగ దాకా.

రైనర్ ఆమె పుట్టింటి పేరు. గుర్తింపు కార్డు మీద ఇప్పటికీ ఆ పేరే. కానీ లోయలో మనుషుల్ని కార్డు మీది పేరుతో కాదు, వాళ్ళుండే ఇంటి పేరుతో పిలుస్తారు. పెళ్ళై ఈ గడప తొక్కిన రోజునుంచి ఆమె ప్లాట్నర్ ఇంటావిడ. చర్చిలో ఫాదరూ అంతే, పాలవాడూ అంతే. రాసిన పేరుని తెక్లా వేలితో తడిమి చూసుకుంది. ఇంకా తడిగా ఉంది. చూపుడువేలికి సిరా అంటుకుంది.

సాయంత్రం ఓస్వాల్డ్ ఇంటిముందు బెంచీ మీద నీలం ఏప్రన్ కట్టుకుని అతిథుల మధ్య కూర్చునున్నాడు. ఆ ఏప్రన్ లోయలో మగవాళ్ళ దర్జా. పొలానికీ అదే, పెళ్ళికీ అదే, అంట్ల దగ్గరికి మాత్రం రాదు. గ్లాసులో వైన్ పట్టుకుని, ప్రతివారం చెప్పే కథే చెబుతున్నాడు.

"మా నాన్న కాలంలో జోరున వాన. జడ్జిగారు తడుస్తూ వచ్చి గది కావాలన్నారు. ఉన్నదొక్కటే గది, అది గొడుగులు బాగుచేసేవాడి పేర రాసుంది. వాడింకా రానేలేదు. మా నాన్న ఏమన్నాడో తెలుసా? అయ్యా, పుస్తకంలో పేరెక్కినవాణ్ణి రోమ్ నుంచి పోప్‌గారొచ్చినా కదపను అన్నాడు. జడ్జిగారు కుర్చీలో కూర్చునే తెల్లారబెట్టుకున్నారు. అదీ ప్లాట్నర్ ఇంటి మాటంటే."

అప్పుడే ఫోను మోగింది. బస్సు టూరు నడిపే పెద్దమనిషి. తనకీ భార్యకీ మంచి గది కావాలట, శుక్రవారం నుంచి. ఓస్వాల్డ్ ఫోను చెవికి పెట్టుకునే లోపలికొచ్చి పుస్తకం చూశాడు.

"ఈ రైనర్ ఎవరే? ఒక్కరేనా? అన్నాళ్ళా?" వంటింటికేసి కేకేశాడు.

"ఒక్కరే. అన్నాళ్ళూ," అంది తెక్లా, ఉల్లిపాయలు తరుగుతూ. ఊరికి పదిమంది రైనర్లుంటారు లోయలో.

"గట్టి పార్టీనే పట్టావు," అని బయటికి వెళ్ళి, నలుగురూ వినేలా గొంతు పెంచాడు. "లేదండీ, ఏడో నంబరు రైనర్ గారిది. పుస్తకంలో పేరుంది. మీరు రెట్టింపిస్తానన్నా మా ఇంట్లో కుదరదు." బెంచీ మీదివాళ్ళు గ్లాసులెత్తారు. వంటింటి కిటికీలోంచి తెక్లా చూసింది. ఉల్లిపాయలకి కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి, పెదాలు మాత్రం నవ్వుతున్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం దాకా అన్ని గదులూ తుడిచి, ఏడో నంబరులో రెండు మంచాలకీ కొత్త దుప్పట్లు వేసి, ఇత్తడి అంకె మేకుకి తగిలించింది. స్నానం చేసి, పుట్టింటివాళ్ళు పెట్టిన బూడిదరంగు కోటు వేసుకుంది. చిన్న పెట్టె పట్టుకుని పెరటి గుమ్మంలోంచి బయటపడి, ద్రాక్షతోట గట్టు మీదుగా ఇల్లు చుట్టి ముందువైపుకి వచ్చింది. వంద అడుగులుండదు ఆ దారి. వెనక్కి పోదామా అని రెండుసార్లు అనుకుంది. పోతే అక్కడ మడత మంచం ఉంది. ముందుకే నడిచి, అతిథులు కొట్టే గంట కొట్టింది.

నీలం ఏప్రన్, దాని మీద అతిథుల కోసం దాచుకున్న నవ్వుతో ఓస్వాల్డ్ తలుపు తీశాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఏమిటే ఈ వేషం?"

"ఏడో నంబరు. రైనర్," అని గుర్తింపు కార్డు అందించింది.

బెంచీ మీదివాళ్ళు ఇటు తిరిగారు. ఓస్వాల్డ్ కార్డు చూశాడు, పెళ్ళాన్ని చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు. గొంతు తగ్గించాడు. "నీకేమన్నా మతిపోయిందా? లోపలికి రా, మాట్లాడుకుందాం."

"తాళంచెవి ఇస్తే లోపలికే వెళతాను."

"పుస్తకంలో పేరుందిగా ఓస్వాల్డ్," అంది ఉల్రికె బెంచీ మీంచి, చెస్ట్‌నట్ తొక్క తీస్తూ. "పోప్‌గారొచ్చినా కదపకూడదన్నావు." ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. ఓస్వాల్డ్ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. అరవడానికి లేదు, నవ్వడానికి రావడం లేదు.

"మరి రేపు పొద్దున్న కాఫీ ఎవరు పెడతారు?" అన్నాడు చివరికి, చాలా నెమ్మదిగా.

"ఎప్పుడూ ఎవరు పెడతారు? ఇంటివాళ్ళే," అంది తెక్లా. తాళంచెవి కొక్కెం మీంచి తనే తీసుకుని మేడెక్కింది.

గడియ పెట్టింది. టక్కుమంది. కోటు విప్పకుండానే మంచం మీద వాలింది. పట్టపగలు మూడు గంటలకి. ఆ వేళప్పుడు ఎండ కిటికీలోంచి వచ్చి సరిగ్గా కాళ్ళ మీద పడుతుందని ఆమెకి ఇన్నేళ్ళూ తెలియదు. పరుపు నడుము కింద గట్టిగా, బుద్ధిగా ఉంది. ఏడుపొస్తుందేమో అనుకుంది, రాలేదు. సంతోషం వచ్చింది. ఒళ్ళంతా సంతోషం, ఎవరికీ వడ్డించక్కరలేనిది.

తెల్లవారి ఏడుకి కింద పళ్ళేలు గలగల్లాడినప్పుడు మాత్రం ప్రాణం ఉసూరుమంది. ఏదో పగిలింది. ఓస్వాల్డ్ ఏదో తిట్టుకున్నాడు. ఆ వెంటనే అత్తగారి చెప్పుల చప్పుడు, వంటింట్లోంచి భోజనాల గదిలోకి, అక్కణ్ణించి వంటింట్లోకి. తెక్లా లేచి కూర్చుంది. తను దించిన మూట పోయి ఆ ముసలావిడ నెత్తిన పడిందా? ఇంట్లో ఒక ఆడది కూర్చుంటే ఇంకో ఆడది లేవాల్సిందే గానీ మగవాడు లేవడా? ఇదేనా తను గెలిచింది? పాదాలు నేల మీద పెట్టింది. దిగాలా వద్దా అని ఆలోచిస్తూ ఉండగా ఆ చెప్పులే మెట్లెక్కి వచ్చి తలుపు ముందు ఆగాయి.

"తియ్యి."

తీసింది. తిట్లకి సిద్ధపడే తీసింది. ఫిలొమేనా కోడలి మొహం చూడలేదు. నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, మంచు తేలిపోతున్న ద్రాక్షతోట కేసి చాలాసేపు చూసింది.

"కోతలప్పుడు ఇక్కణ్ణించి ఇలా ఉంటుందన్నమాట," అంది. "యాభై తొమ్మిదేళ్ళయింది ఈ ఇంటికొచ్చి."

తెక్లా కిటికీ రెక్క ఇంకాస్త తెరిచింది.

"వీణ్ణి కన్నది కూడా అక్టోబర్లోనే. కింద ఇస్త్రీ గదిలో. నొప్పులతో అరుస్తుంటే మీ మామగారు పరిగెత్తుకొచ్చాడు. గట్టిగా అరవకే, పైన మనుషులు పడుకునున్నారు అని నోట్లో తువ్వాలు కుక్కాడు. ఎవరో ద్రాక్ష వ్యాపారి. ఈ గదిలోనే. పొద్దున్నే లేచి బాగా నిద్రపట్టిందని మెచ్చుకున్నాట్ట."

"ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదేం అత్తయ్యా?"

"చెబితే నువ్వా గదిలో పడుకునేదానివా? నువ్వు పడుకోకపోతే మళ్ళీ నన్నే పొమ్మనేవారు." అంత సూటిగా చెప్పి, తలదించుకుంది. "నా స్వార్థం నేను చూసుకున్నానే అమ్మాయ్."

తెక్లాకి కోపం రావలసిన చోటది. వచ్చింది కూడా. కానీ ఆ కోపం ఈ వంగిపోయిన వీపు దాకా వచ్చి, దాన్ని దాటుకుని మెట్ల మీదుగా కిందికి వెళ్ళిపోయింది. రెండో మంచం మీద దుప్పటి మడత విప్పింది. ముసలావిడ చెప్పులు వదిలి, ఏప్రన్ ముడి విప్పి కుర్చీ మీద పడేసి, పక్కెక్కి దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. తెక్లా వెళ్ళి గడియ పెట్టి వచ్చింది.

మెట్ల మీద బరువైన అడుగులు. తలుపు దడదడలాడింది.

"అమ్మా, నువ్విక్కడున్నావా? తెక్లా, గుడ్లు ఎన్ని నిమిషాలు ఉడకాలే? కింద తొమ్మిదిమంది కూర్చునున్నారు. తియ్యండి తలుపు."

నాలుగు నిమిషాలు అనబోయింది తెక్లా. ఇరవయ్యారేళ్ళ అలవాటు, మాట నాలుక చివరికి వచ్చేసింది. ఫిలొమేనా దుప్పట్లోంచి చెయ్యి తీసి ఆగమని సైగ చేసింది. కళ్ళు తెరవకుండానే అంది:

"గట్టిగా అరవకురా. ఇక్కడ మనుషులు పడుకునున్నారు."