అడ్డుపలక ఉన్న మంచం

ఇల్లూ వాకిలీ లేని పడుచు పిల్లల కోసం వీధిలోవాళ్లంతా చందాలేసుకుని నడిపే ఆశ్రయంలో దుప్పట్లక్కకి రోజూ ఒకటే మొదటి పని. హాల్లో కొత్త మంచం ఎక్కడ మొలిచిందో చూసి, దాని మీద ఉతికిన దుప్పటి పరవడం. మంచం మొలిచిందంటే సాయంత్రానికల్లా దాని మనిషి వచ్చేస్తాడు. పొడుగాటివాడికి పొడుగు మంచం, ముడుచుకుని పడుకునేవాడికి పొట్టి మంచం. కుక్కపిల్లతో వచ్చినవాడికి కాళ్ల దగ్గర చిన్న గూడు కూడా మొలిచింది. ఎలాగని ఎవరూ అడగలేదు. దుప్పట్లు చాలట్లేదనే అందరి గోల.

జీతం లేని కొలువు. అయినా అక్క ఒక్క రోజూ మానదు. ఆ పిల్లల అమ్మానాన్నలకి ఫోన్లు చేసే పని కూడా తనే నెత్తినేసుకుంది. "కోపంలో పొమ్మంటే మాత్రం పిల్లల్ని పోనిస్తారటండీ?" అని గడ్డి పెట్టేది.

ఆవేళ మాత్రం చిటపటలాడుతూ వచ్చింది. కూతురు ఎప్పుడో కాలేజీ మానేసి బైకుల షెడ్డులో పని నేర్చుకుంటోందని పొద్దున్నే బయటపడింది. మాటా మాటా పెరిగింది. "నా ఇంట్లో ఇలాంటివి కుదరవు. పోతే పో, ఎవరాపారు?" అనేసి, చీపురు విసిరికొట్టి మరీ వచ్చింది. తప్పు తనది కాదని దారిపొడుగునా తనకి తనే చెప్పుకుంది.

"కిటికీ పక్కన మొలిచింది చూడక్కా. ఎవరో చంటిపిల్ల వస్తున్నట్టుంది," అని నవ్వాడు వంటాయన.

మంచానికి ఎడమపక్క అడ్డుపలక ఉంది. పలక మధ్యలో, చెయ్యి బయటికి వేలాడేసుకునేంత గాడి. పందొమ్మిదేళ్లొచ్చినా నిద్రలో దొర్లి కిందపడే తన కూతురి కోసం ఇంట్లో మంచానికి అలాంటి పలకే బిగించింది అక్క. చెయ్యి నలుగుతోందని పిల్ల గోల పెడితే గాడి కోయించిందీ తనే.

దుప్పటి చేతిలోంచి జారిపోయింది. ఈ మంచాలు ఇంతవరకు ఒక్కసారి కూడా పొరబడలేదు. నా పిల్లకా? నేను బతికుండగానా?

"ఏమైందక్కా?"

"ఇది మా పిల్లది," అని చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది.

కూతురు బస్టాపులో దొరికింది. ఒళ్లో సంచి.

"ఎక్కడికే?"

"నువ్వేగా పొమ్మన్నావ్."

"అన్నాను. ఎక్కడికి?"

"ఫ్రెండ్ వాళ్లింటికి. రెండ్రోజులుండి ఏదో ఒకటి చూసుకుంటా. భయపడకు, రోడ్డున పడనులే."

"మా దగ్గరికొచ్చిన పిల్లలంతా ముందు ఫ్రెండ్ వాళ్లింటికే వెళ్లారే," అంది తల్లి. "నీ మంచం మొలిచింది. అడ్డుపలకతో సహా. నా చేత్తో దుప్పటి పరవబోయాను."

పిల్ల మొహం పాలిపోయింది. ఆ మంచాల సంగతి ఊళ్లో తెలియనివాళ్లు లేరు.

"నిజంగానా అమ్మా?"

తల్లి తలూపి, పక్కన కూర్చుని పిల్ల చెయ్యి పట్టుకుంది. "షెడ్డుకే పో," అంది. "కానీ రోజూ మనింట్లోంచే పో. మనింటికే రా."

బస్సు వచ్చి ఆగింది. "ఎక్కుతారా, లేదా?" అని కండక్టరు విసుక్కున్నాడు. ఎవరూ కదల్లేదు. బస్సు వెళ్లిపోయింది. ఇంటికెళితే మళ్లీ పోట్లాట తప్పదని ఇద్దరికీ తెలుసు. అయినా ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా, లేవడానికి ధైర్యం చాలక, అక్కడే కూర్చున్నారు.