ఎరువు వేయని కుండీ

"నీ చేతిలో ఏది నిలిచింది గనక, ఇది నిలవడానికి?" అన్నాడు మా ఆయన, నేను మజ్జిగ పోస్తుంటే. చుక్క ఒలక్కుండా పోశాను. ఒలికితే తుడవాల్సింది నేనే.

ఆయన అన్నది పెరట్లో మాడిపోయిన కూజా మొక్క గురించి. మొక్క గురించి మాత్రమే కాదని ఇద్దరికీ తెలుసు. రెండుసార్లు నా కడుపు నిలవలేదు. మొదటిసారి గొడ్లకు నీళ్లు తోడుతూ బావి దగ్గర. రెండోసారి పామర్రులో ఆడపడుచు పెళ్లికి, అన్నం గుండిగ దించుతూ.

కూజా మొక్క షిల్లాంగు నుంచి వచ్చింది. బెజవాడ కాలేజీలో నాకు వృక్షశాస్త్రం చెప్పిన ఛాయాదేవిగారు అక్కణ్ణుంచి తెచ్చి పెంచుకుంటూ, నాకొక కొమ్మ కత్తిరించి ఇచ్చారు. ఆకు కొసన తీగ, తీగ కొసన మూత ఉన్న కూజా. అందులో పడిన ఈగ బయటికి రాదు. నేలలో సారం లేకపోయినా దానికి లెక్కలేదు. తన తిండి తనే సంపాదించుకుంటుంది. బి.ఎస్సీ. చదివి కంకిపాడులో మా ఎరువుల కొట్టు వెనక ఇంట్లో పప్పు రుబ్బుకునే నాకు ఆ సంగతి ఎంత నచ్చిందో ఎవరికీ చెప్పలేదు.

"ప్రాణాలు తినేదాన్ని ఇంట్లో పెట్టుకుంటే కడుపెట్లా నిలుస్తదే?" అనేది మా అత్తగారు మాణిక్యమ్మ.

"రెండోది పోయాకే కదా అత్తయ్యా ఇది వచ్చింది?"

"దాని నీడ ముందే పడింది."

ఒక వానాకాలమంతా కళకళలాడింది. ఉన్నట్టుండి ఆకుల అంచులు నల్లబడ్డాయి, కూజాలు ఎండి రాలాయి. నీళ్లు చూశాను, నీడ చూశాను. తప్పు దొరకలేదు. దొరక్కపోయేసరికి వాళ్ల మాటే నిజమనుకున్నాను. ఛాయాదేవిగారు ఇంకో కొమ్మ ఇస్తానంటే, "వద్దండీ, నా చెయ్యి మంచిది కాదు" అన్నాను.

"పరీక్షలో ఈ జవాబు రాస్తే సున్నా వేసేదాన్ని" అన్నారావిడ.

మళ్లీ తొలకరికి, వెంకటప్పయ్య అనే రైతు మాడిన నారు పట్టుకుని మా కొట్టుకి వచ్చాడు. వచ్చిన ప్రతి రైతుకీ కాఫీ నేనే ఇవ్వాలి. గ్లాసుతో తలుపు వెనక నిలబడ్డాను. పంట మాడిందంటే మా కొట్లో మొదటి ప్రశ్న ఒకటే.

"ఏం వేశావ్? ఎంత వేశావ్?"

నీ చెయ్యి మంచిది కాదని ఏ రైతునీ ఎవరూ అనరు.

"యూరియా ఎక్కువైతే ఏదైనా మాడుద్దయ్యా" అని నవ్వాడు మా ఆయన. "మా ఆవిడ పురుగుల్ని తినే మొక్కొకటి పెంచింది. మన సరుకు ఎట్లా తినదో చూద్దామని పిడికెడు పడేశా. వారం తిరక్కుండా బొగ్గు!"

"అమ్మగారితో చెప్పలా?"

"చెప్తే ఏడుస్తది."

ఆ కాఫీ తలుపు వెనకే నిలబడి నేనే తాగాను.

మర్నాడు ఎవర్నీ అడక్కుండా బెజవాడ బస్సెక్కాను. కొమ్మ తెచ్చి, కొబ్బరి పీచూ ఏటి ఇసకా కలిపి నాటాను. చూరు నుంచి కారే వాన నీళ్లు పట్టి పోశాను. అయినా భయం పోలేదు. రోజూ పొద్దున్నే వెళ్లి ఆకుల అంచులు నల్లబడ్డాయేమో చూసేదాన్ని. ఒకరోజు కొత్త ఆకు కొసన వడ్లగింజంత బుడిపె కనిపించింది. బుడిపె కూజా అయింది. మూత తెరుచుకుంది. లోపల ఒక చీమ.

ఆ పూటే కుండీని తీసుకెళ్లి కొట్టు గుమ్మంలో, యూరియా బస్తాల ఎదురుగా వేలాడదీశాను.

"దీనికేం వేస్తారమ్మా?" అన్నాడు, పై ఎరువు కోసం వచ్చిన వెంకటప్పయ్య.

"ఏమీ వెయ్యను. వేస్తే చస్తుంది. ముందుదాన్ని ఈయన అట్లాగే చంపారు."

బల్ల మీదున్న రైతులు తలలు తిప్పి చూశారు. మా ఆయన మొహం కందగడ్డయింది.

"లోపలికి పో. ఒక్క మొక్క బతగ్గానే ఎక్కడలేని నోరొచ్చింది!"

వెళ్లలేదు. కుండీ కింద నిలబడే ఉన్నాను.

"మీ కొట్లో అడిగే ప్రశ్నే అడుగుతున్నానండీ. నా కడుపు పోయిన ఆ రెండుసార్లూ నాచేత ఏం మోయించారు? ఎంత మోయించారు?"