దిష్టి లెక్క

ఖతార్ మొత్తం గాలించినా, మనిషి ఎత్తు చూసి మంచు మీద హాకీ ఎలా ఆడతారో చెప్పగల మొనగాడు సుధాకరరావు ఒక్కడే. బయట కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలే ఎండ. ఆయనేమో మాల్‌లోని ఐస్ రింక్ పక్కన స్వెట్టరు, మంకీ టోపీ బిగించి కూర్చుని, "ఆ పొడుగుపిల్ల ఇప్పుడు ఎడమకు తిరుగుతుంది చూడండి" అని పక్కవాళ్లకు జోస్యం చెబుతుంటాడు.

సరే, గొప్పలు చాలు. నిజానికి మొదటి నెలంతా ఆయన బంతి కోసం వెతికాడు. ఆ నల్లటి రబ్బరు బిళ్లతోనే ఆట అని మనవరాలు చెప్పేదాకా తెలియదు. ఇక జోస్యాలంటారా, పొడుగుపిల్ల ఎప్పుడూ కుడికే తిరిగేది.

ఆ మనవరాలే ధాత్రి. పద్నాలుగేళ్లది. కొడుకు జయంత్, కోడలు భరణి లుసైల్‌లో ఆఫీసులకు వెళితే, పిల్లను ప్రాక్టీసుకు తీసుకొచ్చే డ్యూటీ తాతది. ఆవేళ ఫిన్‌లాండ్ నుంచి సెలెక్టరమ్మ వచ్చింది. తమ దేశంలో జరిగే వేసవి క్యాంపుకు ఇక్కడినుంచి ఒక్క పిల్లను తీసుకెళుతుంది. ఆ క్యాంపుకు పెద్ద క్లబ్బులవాళ్లు ఆటగత్తెల్ని వెతుక్కుంటూ వస్తారు. ధాత్రి పొద్దున్నుంచీ అన్నం ముట్టలేదు.

కోచ్ తౌఫీక్‌ది కరీంనగర్. సెలెక్టరమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు.

"పెద్దాయనా, మేడమ్ అడుగుతున్నది. పిల్ల ఎత్తెంత?"

సుధాకరరావు నోరు ఆయన అనుమతి తీసుకోలేదు. "ఏం ఎత్తులే బాబూ! నాలుగున్నర అడుగులుంటుందేమో. తిండి తినదు, పుల్లలా ఉంటుంది."

వాళ్ల ఊళ్లో అంతే. పిల్ల ఎంత ఎదిగిందని ఎవరడిగినా కొంచెం కోసి చెప్పాలి. ఉన్నదున్నట్టు చెబితే దిష్టి.

"తాతయ్యా!" అని అరిచింది ధాత్రి. "ఐదడుగులు నేను!"

సెలెక్టరమ్మ ఏదో గొణిగింది.

"ఏమంటోందయ్యా?"

తౌఫీక్ గడ్డం గోక్కున్నాడు. "రేపు డ్రాఫ్ట్‌ల, అంటే క్లబ్బులోళ్లు పిల్లలను పంచుకునేటప్పుడు, ముందుగాల ఎత్తు, బరువే చూస్తరు. పొడుగున్నోళ్లకు కర్ర దూరం అందుతది, గుద్దుకున్నా నిలవడ్తరు. పొట్టిపిల్ల రెండింతలు ఆడితేనే కంట్ల పడ్తది. నాలుగున్నరంటే ఛాన్స్ మాఫీ, అసలే లేదంటున్నది."

అంత చలిలోనూ ముసలాయనకు చెమట పట్టింది. "అది దిష్టి లెక్క బాబూ! అసలు లెక్క ఐదు! పైగా వాళ్లమ్మ ఆరడుగులు!"

"భరణి మేడమా? నా భుజం దాక గూడ రాదు గదా!"

"కూర్చున్నప్పుడు చూసుంటావు."

తౌఫీక్ పగలబడి నవ్వాడు. "మా అమ్మీ గూడ అంతే. నన్నెవరన్న మంచిగున్నడంటే, నజర్ తగుల్తదని, ఎక్కడ, రోజూ జ్వరమే అంటది." సంగతంతా సెలెక్టరమ్మకు ఇంగ్లీషులో విడమర్చాడు. ఆమె కూడా నవ్వి, స్కేట్లు విప్పించి టేపు పెట్టింది. సరిగ్గా ఐదడుగులు. అదీ తక్కువేనంది. సరే, ఆట చూస్తానంది.

ధాత్రి బెంచీ మీద కూలబడింది. "నేనింక పెరగనేమో తాతయ్యా."

సుధాకరరావు మోకాళ్లు పట్టుకుని కిందికి వంగి, ఆమె స్కేట్లకు తాళ్లు కట్టడం మొదలుపెట్టాడు. కొడుకును పెంచినన్నాళ్లూ ఒక్క మెప్పు మాట అనలేదాయన, అదే భయంతో. ఇప్పుడు చుట్టూ చూస్తే అరడజను దేశాలవాళ్ల కళ్లున్నాయి. అయినా పైకే అన్నాడు.

"ఎత్తు సంగతి దేవుడెరుగు. ఈ మంచు మీద నీ అంత చురుకైన పిల్ల లేదమ్మా. రోజూ చూస్తున్నాను కదా. ఎంత బాగా ఆడతావో!"

ధాత్రి ఆయన మొహంలోకి చూసింది. "ఎప్పుడూ అనలేదేం?"

"ఇప్పుడన్నాగా. యల్లా, వెళ్లు!"

వెళ్లింది. పొడుగుపిల్ల గోడవారన అడ్డం నిలబడింది. ధాత్రి ఆమె చంక కిందినుంచి దూరి, బిళ్ల లాక్కుని, అందరూ వెనక్కి తిరిగేలోపు గోల్లో వేసింది. కాసేపటికి మళ్లీ అంతే. సెలెక్టరమ్మ టేపు జేబులో పెట్టుకుంది.

"పొట్టిదని ముందు ముందు గూడ అంటనే ఉంటరట, బిడ్డా," అన్నాడు తౌఫీక్. "నువ్వు మాత్రం ఇట్లనే దూరుమంటున్నది. క్యాంపుకు నువ్వే!"

ధాత్రి వచ్చి తాత మెడను వాటేసుకుంది. ఆయన ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, చుట్టుపక్కలందరికీ వినబడేలా, "ఆఁ, ఏదో గుడ్డిగా తగిలిందిలే!" అన్నాడు.

ఇదంతా జరిగిందే. ధాత్రి ఎత్తు ఒక్కటే నేను కల్పించాను. ఐదడుగులు కాదు. అసలెంతో మాత్రం అడక్కండి. మీ కళ్లు మంచివే, కాదనను. కానీ ఇంతమంది చదువుతారు కదా.