షిరాజ్ పక్కన చేప

మా షిరాజ్ వైన్ మరీ నల్లగా ఉంటుంది, మరీ గట్టిగా ఉంటుంది, నాలుకను పట్టుకుని వదలదు అని ఎవరైనా వంకపెడితే నాకది పొగడ్తలాగే వినిపిస్తుంది. ఆ ఏడు మాత్రం ఆస్ట్రేలియాలోని మా బరోసా లోయంతా అదే వంక పెట్టింది. అందరికీ పల్చటి తెల్ల వైన్ కావాలి. మా నల్ల ద్రాక్షను కొనే దిక్కు లేదు. పాత తీగలు పీకేస్తే ప్రభుత్వం డబ్బిస్తానంది. మా ముత్తాత నాటిన తీగలు. ట్రాక్టరుకి ఒక్క పూట పని.

తోట నాదీ, మా తమ్ముడు బ్రూనోదీ. తీగలు పీకే కాగితం మీద ఇద్దరి సంతకాలూ పడాలి. వాడు పెట్టేశాడు. నేను మొండికేస్తే చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. అడిలైడ్ హోటల్లో పెద్ద వంటవాడు పాస్కో వచ్చి రుచి చూస్తాడు. ఆయన కొంటే తీగలుంటాయి, కొనకపోతే నేనూ సంతకం పెడతాను. అలాగని మాటిచ్చాను.

ఆయన జనవరి ఆఖర్లో మిట్టమధ్యాహ్నం వచ్చాడు. మాకది నడి వేసవి, నిప్పులు చెరిగే ఎండ. ఎర్ర వైన్‌ను చల్లబరచకూడదని ఎవరో అన్న మాట పట్టుకుని బ్రూనో సీసాను పొద్దుటినుంచీ వరండాలో బల్ల మీదే ఉంచాడు. తన హోటల్లో ఎక్కువగా అమ్ముడయ్యేది చేపేనని పాస్కో ఐసులో పెట్టి తెచ్చిన ముక్కలను మా వంటింట్లో ఆవిరి మీద ఉడికించాడు. నిమ్మకాయ పిండి, ఒక ముక్క తిని, ఒక గుక్క తాగాడు. మొహం వంకరపోయింది.

“ఏమనుకోకండి మేడం, ఇది వైన్ కాదు, వేడి కషాయం. నోట్లో చేప కాస్తా ఇనుప ముక్కైపోయింది.”

బ్రూనో కలం తీసి నా ముందు పెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పాస్కో మీద కాదు. ఈ తోటలోనే పుట్టి పెరిగి, వైన్‌ను ఎండలో కాచిన మా వాడి మీద.

చేప పళ్లెం తీసేశాను. నేలమాళిగలోంచి ఇంకో సీసా తెచ్చి బావినీళ్ల బకెట్లో ముంచాను. అది చల్లబడేలోపు, మా భోజనానికని కట్టెల పొయ్యిలో మగ్గుతున్న గొర్రె తొడను కోసి, పైన మిరియాలు దంచి చల్లాను. పక్కన పొగబెట్టిన సాసేజ్, రెండేళ్లు మాగిన గట్టి చీజ్ పెట్టాను. కొవ్వు తగిలితే మా వైన్ వగరు దిగుతుంది. పొగ, మిరియం దానికి చుట్టాలు. ఈ సంగతి ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు.

పాస్కో ముక్క మీద ముక్క తిన్నాడు. ఎముక చేత్తో పట్టుకున్నాక పెద్ద హోటల్ మర్యాదలన్నీ మర్చిపోయాడు. మూడో గ్లాసు తనే పోసుకున్నాడు. బ్రూనో కళ్లల్లో ఆశ చూసి నాకే జాలేసింది.

అప్పుడు చెప్పాడాయన అసలు మాట. వైన్‌కి వంక లేదట, కానీ తన దగ్గరికొచ్చేవాళ్లు గొర్రె తినరట. కాయను మూడు వారాలు ముందే కోసి, చేప పక్కన ఒదిగేలా పల్చగా చేస్తే మొత్తం తనే కొంటాడట. బ్రూనో సరే అనబోయాడు.

“సరే కాదు,” అన్నాను. “పచ్చికాయ కోసి దానికి మా తోట పేరెందుకండీ? మీ చేప కోసం మా వైన్ ఒదగక్కర్లేదు. గొర్రె తినేవాళ్లుంటే పంపించండి, నేనే వడ్డిస్తాను.”

పాస్కో నవ్వి, చెయ్యి కలిపి, కారెక్కాడు.

“నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లక్కా,” అన్నాడు బ్రూనో. కలం మళ్లీ నా ముందుకు తోశాడు. “ఆయన కొనలేదు. మాటిచ్చావుగా, పెట్టు సంతకం.”

“ఇచ్చాన్రా. తప్పుతున్నాను. ఊరంతా అబద్ధాలకోరన్నా పడతాను. ఆ తీగల మీదికి ట్రాక్టరు మాత్రం ఎక్కనివ్వను.”

వాడు ఆరు వారాలు నాతో మాట్లాడలేదు. కాయ నల్లగా, పూర్తిగా పండింది. కొనేవాళ్లెవరూ లేరని తెలిసే కత్తి పట్టుకుని ఒక్కదాన్నే మొదటి వరుసలోకి దిగాను. గంట తిరక్కుండానే నడుం పట్టేసింది. అంతలో పక్క వరుసలో ఆకులు కదిలాయి. బ్రూనో. అప్పటికీ మాట్లాడలేదు. నాకంటే వేగంగా కోస్తున్నాడు, వెధవ.